ఐబీఎస్ (టెస్టులన్నీ నార్మలే అయినా నొప్పి, మోషన్స్ వేధించే పేగు జబ్బు): నెలకి 4 వేల సప్లిమెంట్లు మింగుతున్నా, అయినా బస్సెక్కాలంటే భయం. తిండితో దారికి తెచ్చుకున్నవాళ్లు ఉంటే చెప్పండి

వైజాగ్_కెరటం
మూడేళ్లయింది ఇది మొదలయ్యి. ఫ్రెండ్ పెళ్లిలో తిన్న భోజనం పడక నాలుగు రోజులు వాంతులు, మోషన్స్. అది తగ్గింది కానీ కడుపు మాత్రం మళ్లీ మామూలు కాలేదు. పొద్దున ఆఫీసుకి బయల్దేరేలోపు 4 సార్లు, ఒక్కోరోజు 5 సార్లు వెళ్లాలి, మెలిపెట్టి నొప్పి, వెళ్లొస్తే తగ్గుతుంది, అరగంటకి మళ్లీ మొదలు. సాయంత్రానికి కడుపు డోలు. ఎండోస్కోపీ, కొలనోస్కోపీ రెండూ చేశారు, నార్మల్. ఐబీఎస్ అన్నారు, టెన్షన్ తగ్గించుకో అన్నారు, అయిపోయింది.

అప్పట్నుంచి నేనే చదువుకుని కొన్నీ కొన్నీ వాడుతున్నా. ప్రోబయోటిక్ (మంచి బ్యాక్టీరియా) క్యాప్సూల్స్ రెండు రకాలు, ఎంజైమ్ సిరప్, అలోవెరా జ్యూస్, రాత్రి త్రిఫల చూర్ణం, గ్లూటమిన్ పౌడర్. నెలకి 4 వేలు దాటుతోంది. తిండి కూడా బాగా లైట్ చేశా. పొద్దున గోరువెచ్చని నీళ్లలో తేనె, ఒక యాపిల్, ఓట్స్. మధ్యాహ్నం కొంచెం అన్నం, పప్పు. సాయంత్రం నానబెట్టిన జీడిపప్పు. రాత్రి అన్నం పూర్తిగా మానేసి చపాతీలు మూడు, ఉల్లిపాయ కూర. పాలు బంద్, కారం బంద్, బయట తిండి బంద్. 68 కిలోలుండేవాణ్ణి 62కి వచ్చా. ఇంకా ఏం మానెయ్యాలో తెలియట్లేదు. అనకాపల్లి దాకా బస్సులో వెళ్లాలన్నా ముందురోజు రాత్రి నుంచి తినడం మానేస్తున్నా. ఏ సప్లిమెంట్ పని చేసిందో అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి ప్లీజ్.

భీమవరం_బుల్లోడు
బ్రో బస్సు సంగతి చదువుతుంటే నా కథే రాశావేమో అనిపించిందండి. హైవే మీద ఏ పెట్రోల్ బంకులో బాత్రూమ్ శుభ్రంగా ఉంటుందో భీమవరం నుంచి హైదరాబాద్ దాకా నోటికి చెప్పగలను ఆయ్.

కడప_సుబ్బు
6 కిలోలు తగ్గినావంటే ముందు దాని సంగతి చూడు అబ్బాయ్. తిండి తగ్గించి తగ్గినావా, ఊరికే తగ్గినావా? రక్తం పడతాందా? రాత్రి నిద్రలో లేచి పోవాల్సి వస్తాందా? జ్వరం? మా చిన్నాయన కొడుక్కి ఏడాది పాటు గ్యాస్ ట్రబుల్ అని చెప్పి గోళీలు ఇస్తానే ఉండిరి, సాయంత్రం పూట జ్వరం వస్తాంటే కూడా ఎవురూ పట్టించుకోలే. కడాకు పేగుల టీబీ అని తేలింది. ఆరు నెల్లు టీబీ మందులు వాడినాక మనిషి మళ్లీ లేచి తిరిగినాడు. మన దేశంలో ఆ జబ్బు ఉందని గుర్తు పెట్టుకోవల్ల.

వైజాగ్_కెరటం
రక్తం లేదు సుబ్బన్నా, జ్వరం లేదు, నిద్రలో ఎప్పుడూ లేవలేదు. తిండి తగ్గించే తగ్గాననుకుంటున్నా. కానీ ఇవన్నీ ఎవరూ అడగలేదు నన్ను.

పోషణ_లలిత
నేను డైటీషియన్‌ని, గుంటూరులో. సుబ్బు గారు అడిగినవే మొదటి ప్రశ్నలు. మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత, నిద్రలోంచి లేపే విరేచనాలు, జ్వరం, 50 దాటాక కొత్తగా మొదలవ్వడం, ఇంట్లో ఎవరికైనా పెద్దపేగు క్యాన్సర్ ఉండటం, వీటిలో ఏది ఉన్నా డైట్ గురించి మాట్లాడే ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. కెరటం గారూ, మీకు ఇంకో రెండు టెస్టులు మిగిలున్నాయి అనుకుంటున్నా. ఒకటి సీలియాక్ (గోధుమలోని గ్లూటెన్ పడని జబ్బు) రక్తపరీక్ష, ఇది గోధుమ తింటున్నప్పుడే చేయించాలి, మానేశాక చేయిస్తే జబ్బున్నా నార్మల్ అని రావచ్చు. మీరు రోజూ చపాతీ తింటున్నారు కాబట్టి ఇప్పుడే మంచి టైమ్. రెండోది మలంలో కాల్‌ప్రొటెక్టిన్, పేగుల్లో వాపు ఉందో లేదో చెప్తుంది. థైరాయిడ్ కూడా చూపించుకోండి, అది ఎక్కువైనా మోషన్స్ అవుతాయి.

మీ మెనూ మీద తర్వాత వివరంగా రాస్తా, ఇప్పుడు క్లినిక్‌లో ఉన్నా. ఒక్క మాట మాత్రం ముందే చెప్తున్నా, మీరు మానేసినవాటి కంటే మొదలుపెట్టినవే మిమ్మల్ని ఎక్కువ ఇబ్బంది పెడుతున్నాయేమో చూడండి.

గుంటూరు_ఘాటు
ఇవన్నీ కాదు, పొద్దున్నే వాము నీళ్లు తాగు. మా నానమ్మ దగ్గర అన్ని కడుపు జబ్బులకీ అదే మందు.

సత్తుపల్లి_సీతక్క
వాము మంచిదే బాబూ కానీ మా వాడికి దాంతో తగ్గలేదు. మా అబ్బాయికి ఇంటర్ నుంచి ఇదే బాధ, ఇప్పుడు 26. ఎన్ని ఆస్పత్రులు తిప్పామో లెక్కలేదు. అమీబియాసిస్ అని ఒకరు, అల్సర్ అని ఒకరు. వాడికి తగ్గే దారి దొరికింది వంటింట్లో. మా ఇంట్లో కార్తీక మాసం అంతా నీరుల్లి, వెల్లుల్లి వాడను, మా అత్తగారి నుంచి వచ్చిన పద్ధతి. నాలుగేళ్ల కిందట కార్తీకం అయిపోయాక వారానికి వాడు అన్నాడు, అమ్మా పోయిన నెలంతా నాకు నొప్పి రాలేదు, మళ్లీ మొదలైంది అని. అప్పుడు నాకు వెలిగింది, ముందు ఏడాది కూడా దీపాల రోజుల్లో వాడు హాయిగానే తిరిగాడు. దేవుడి దయ అనుకున్నాం అప్పుడు. మళ్లీ ఉల్లి, వెల్లుల్లి ఆపి చూశాం, పది రోజుల్లో తేడా కనపడింది. నేను చదువుకున్నదాన్ని కాదు, డాక్టర్ చెప్పిందీ కాదు, మా ఇంట్లో జరిగింది చెప్తున్నా.

గుంటూరు_ఘాటు
ఉల్లిపాయ తింటే జబ్బేంటండీ. మా తాత పొలంలో పచ్చి ఉల్లిపాయ నంజుకుని చద్దన్నం తిని 88 ఏళ్లు బతికాడు. ఉల్లి చేసిన మేలు తల్లి కూడా చెయ్యదంటారు.

మెల్‌బోర్న్_మాధవి
ఘాటు గారూ మీ తాతగారికి పడింది, సీతక్క గారి అబ్బాయికి పడదు, రెండూ నిజమే. సీతక్క గారూ మీరు కార్తీక మాసంలో కనిపెట్టిందే నేనుండే ఊళ్లో మోనాష్ యూనివర్సిటీ వాళ్లు ఏళ్ల తరబడి పరిశోధన చేసి చెప్పారు! పీటర్ గిబ్సన్, సూ షెపర్డ్ అనేవాళ్లు 2005 ప్రాంతంలో ఫాడ్‌మ్యాప్ అనే మాట తెచ్చారు. చిన్నపేగులో సరిగ్గా పీల్చుకోబడని కొన్ని రకాల పిండిపదార్థాలు, చక్కెరలు అన్నమాట. అవి పేగులోకి నీళ్లు లాగుతాయి, పెద్దపేగులోకి వెళ్లాక బ్యాక్టీరియా వాటిని పులియబెట్టి గ్యాస్ చేస్తాయి. ఇది అందరికీ జరిగేదే. ఐబీఎస్ ఉన్నవాళ్ల పేగు నరాలు ఎక్కువ సున్నితంగా ఉంటాయి కాబట్టి అదే గ్యాస్ మనకి మెలిపెట్టే నొప్పి అవుతుంది, మీ తాతగారికి తెలియను కూడా తెలియదు. ఉల్లి, వెల్లుల్లి, గోధుమలో ఉండేది ఫ్రక్టాన్లు. పప్పుల్లో, శనగల్లో, రాజ్మాలో ఉండేది ఇంకో రకం. పాలలో లాక్టోజ్. తేనె, యాపిల్, మామిడిపండులో ఫ్రక్టోజ్ ఎక్కువ. పుట్టగొడుగులు, కాలీఫ్లవర్‌లో మానిటాల్ అనే ఇంకో రకం చక్కెర.

ఇక్కడికి వచ్చిన కొత్తలో నాకు మోషన్స్, ఉబ్బరం రెండూ ఉండేవి. మోనాష్ వాళ్ల యాప్ కొనుక్కుని దాన్ని పట్టుకునే వండుకున్నా. ఎర్ర లైట్, పసుపు లైట్, పచ్చ లైట్ వేసి ఎంత పరిమాణం వరకు పర్లేదో చెప్తుంది.

డల్లాస్_కిరణ్
ఎంత తిన్నామన్నదే అసలు పాయింట్. నాకు అర చపాతీ ఏమీ అనదు, మూడు తింటే మర్నాడు మీటింగులు క్యాన్సిల్.

పోషణ_లలిత
ఇప్పుడు టైమ్ దొరికింది, మెనూ చూద్దాం. గోరువెచ్చని నీళ్లలో తేనె, దాని మీద యాపిల్: ఫ్రక్టోజ్ మీద ఫ్రక్టోజ్, యాపిల్‌లో సార్బిటాల్ అనే మానిటాల్ లాంటి చక్కెర కూడా ఉంటుంది, అదీ ఖాళీ కడుపున. పొద్దున 4 సార్లకి ఇదొక్కటే కారణం అనను కానీ మొదట ఆపాల్సింది ఇదే. జీడిపప్పులో ఫాడ్‌మ్యాప్ ఎక్కువ, దాని బదులు గుప్పెడు వేరుశనగలు తినండి. రాత్రి చపాతీలు మూడు, పైన ఉల్లిపాయ కూర: ఫ్రక్టాన్ల మీద ఫ్రక్టాన్లు. అన్నం మాత్రం మానేశారు! నా దగ్గరికి వచ్చేవాళ్లలో పదిమందికి ఏడెనిమిది మంది ఇదే చేస్తారు, అన్నం బరువు చపాతీ తేలిక అని మనవాళ్లకి ఎవరు నూరిపోశారో కానీ, ఐబీఎస్ కడుపుకి అన్నం అంత తేలికైన ధాన్యం ఇంకోటి లేదు. మీరు కారం మానేశారు, అది కొందరికి మంచిదే, పాలు మానేశారు, అదీ కొందరికి మంచిదే. కానీ మీకు ఏది పడట్లేదో తెలియకుండానే పదిరకాలు మానేశారు, అసలువి మాత్రం పళ్లెంలోనే ఉన్నాయి.

నాలుగు వారాలు ఇలా చేసి చూడండి. రెండు పూటలా అన్నం కడుపు నిండా. కూరల్లో వంకాయ, బెండకాయ కొంచెం, క్యారెట్, పాలకూర, బంగాళాదుంప. పప్పు బాగా నానబెట్టి ఆ నీళ్లు పారబోసి వండి, గరిటెడు మించకుండా. చేప, గుడ్డు, కోడి ఇవి తింటే ఇబ్బంది లేదు, వాటిలో ఫాడ్‌మ్యాప్ ఉండదు, మసాలాలో అల్లం వెల్లుల్లి ముద్ద బదులు అల్లం ఒక్కటే వెయ్యండి. పళ్లలో బొప్పాయి, కమలా, మరీ మగ్గని అరటిపండు. జామ అయితే బాగా పండింది తినండి, దోరది వద్దు. పెరుగు పుల్లబడింది అయితే లాక్టోజ్ తగ్గుతుంది, పాలు పడనివాళ్లలో కూడా చాలామందికి పెరుగు పడుతుంది. వేళకి తినండి, పస్తులుండి ఒకేసారి ఎక్కువ తింటే పేగు ఇంకా గట్టిగా స్పందిస్తుంది. కాఫీ, టీ కలిపి రోజుకి 3 కప్పులు దాటనివ్వకండి.

నైట్‌షిఫ్ట్_నవ్య
వెల్లుల్లి లేకుండా కూర ఎలా తింటారు అసలు, నాకు ఆ వాసన లేకపోతే ముద్ద దిగదు

మెల్‌బోర్న్_మాధవి
నవ్యా దానికో ఉపాయం ఉంది. ఫ్రక్టాన్లు నీళ్లలో కరుగుతాయి, నూనెలో కరగవు. నూనె కాగబెట్టి వెల్లుల్లి రెబ్బలు ఎర్రగా వేగనిచ్చి రెబ్బలన్నీ తీసి పారేసి, ఆ నూనెతో పోపు పెట్టు. వాసనంతా ఉంటుంది. చారులో, పులుసులో రెబ్బలు వేసి తర్వాత తీసేస్తే మాత్రం కుదరదు, అప్పటికే నీళ్లలోకి దిగిపోయి ఉంటాయి. చేసిన నూనె బయట సీసాలో నిల్వ ఉంచకు, ఫుడ్ పాయిజన్ ప్రమాదం ఉంది, ఏ పూటకి ఆ పూట చేసుకో. ఉల్లికాడల్లో పచ్చటి భాగం వాడుకోవచ్చు, తెల్ల భాగం వద్దు.

సత్తుపల్లి_సీతక్క
నేను ఇంగువ వేస్తాను తల్లీ. నేతిలో ఇంగువ పొంగితే ఉల్లి లేదని ఎవరికీ గుర్తు రాదు.

పోషణ_లలిత
సీతక్క గారి మాటకి చిన్న చేర్పు. మనకి దొరికే ఇంగువ డబ్బాల్లో చాలావాటిలో గోధుమపిండి కలుస్తుంది. సీలియాక్ ఉన్నట్టు తేలినవాళ్లు డబ్బా మీద చదివి కొనుక్కోవాలి.

ఫార్మసీ_నాని
కెరటం బ్రో నువ్వడిగింది సప్లిమెంట్ల గురించి, అందరూ వంట చెప్తున్నారు కాబట్టి ఆ పార్ట్ నేను తీసుకుంటా. మెడికల్ షాప్ నడుపుతున్నా, రోజూ ఇవే అమ్ముతా, అయినా ఉన్నదున్నట్టు చెప్తా.

నీకు మోషన్స్ ఎక్కువ. రాత్రి త్రిఫల వేస్తున్నావు, అందులో కరక్కాయ ఉంటుంది, విరేచనం సాఫీగా అవ్వడానికి వాడేది అది. అలోవెరా జ్యూస్ కూడా అంతే, ఆకు తొక్క కిందుండే పసుపు రసం సరిగ్గా తియ్యకపోతే అదీ విరేచనకారే. నాలుగుసార్లు వెళ్తున్నానని బాధపడుతూ వెళ్లేలా చేసే రెండు మందులు వాడుతున్నావు. ఈ రెండూ ఇవాళే ఆపు. ప్రోబయోటిక్ డబ్బా వెనక చూడు, ఫ్రక్టో ఆలిగోశాకరైడ్ అనో ఇన్యులిన్ అనో ఉందా? మన దగ్గర ప్రీ అండ్ ప్రో బయోటిక్ అని వచ్చేవాటిలో చాలా వరకు ఉంటుంది. మాధవి గారు చెప్పిన ఫ్రక్టాన్ కుటుంబమే అది, అంటే ఉల్లిపాయని క్యాప్సూల్లో పెట్టి మింగుతున్నట్టు.

అసలు ప్రోబయోటిక్స్ మీద డాక్టర్లలోనే రెండు మాటలున్నాయి. అమెరికన్ కాలేజ్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ 2021 గైడ్‌లైన్స్‌లో ఐబీఎస్‌కి వద్దనే చెప్పింది. అదే ఏడాది బ్రిటిష్ సొసైటీ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ 12 వారాల దాకా ఒకటి వాడి చూడండి, తేడా లేకపోతే ఆపెయ్యండి అంది. నువ్వు ఎన్నాళ్లుగా వాడుతున్నావో లెక్క చూసుకో.

రెండింటికి ఆధారం బాగుంది. ఒకటి ఇసబ్గోల్, గుజరాత్‌లో సిద్ధపూర్ వైపు నుంచి వచ్చే పొట్టు. నీళ్లని పట్టి ఉంచుతుంది కాబట్టి మోషన్స్‌కీ పనికొస్తుంది, మలబద్ధకానికీ పనికొస్తుంది. మొదటి వారం ఒక చెంచానే, పెద్ద గ్లాసు నీళ్లలో కలిపిన వెంటనే తాగెయ్, ఆగితే జిగురవుతుంది. వేరే మాత్రలకి రెండు గంటల ఎడం ఇవ్వు. రెండోది పుదీనా నూనె క్యాప్సూల్, పేగులో మాత్రమే కరిగే పూత ఉన్నది, భోజనానికి అరగంట ముందు. పేగు కండరాల్ని వదులు చేస్తుంది, నొప్పికి మంచిది. నమలకూడదు, యాంటాసిడ్‌తో కలిపి వెయ్యకూడదు, పూత పొట్టలోనే కరిగి గుండెల్లో మంట వస్తుంది. ఆల్రెడీ గుండెల్లో మంట ఉన్నవాళ్లు దూరంగా ఉండండి.

గ్లూటమిన్ గురించి ఒక చిన్న ట్రయల్ ఉంది, నీలాగే ఫుడ్ పాయిజన్ తర్వాత మొదలైనవాళ్ల మీద, రోజుకి 15 గ్రాములు 8 వారాలు ఇస్తే మంచి ఫలితం వచ్చింది. ఒక్కదాన్ని పట్టుకుని గ్యారంటీ ఇవ్వలేను, ఇష్టమైతే ఆ ఒక్కటీ ఉంచుకో. ఎంజైమ్ సిరప్ అన్నీ కలిపింది కాకుండా పాలు పడకపోతే లాక్టేజ్, పప్పులు పడకపోతే ఆల్ఫా గెలాక్టోసిడేజ్, దేనికి అది తీసుకుంటే అర్థముంది.

వైజాగ్_కెరటం
డబ్బా చూశా నానీ అన్నా. రెండింట్లోనూ ఉంది. ఏడాదిన్నరగా వాడుతున్నా. కళ్లలో నీళ్లొచ్చాయి నిజంగా.

భీమవరం_బుల్లోడు
బాధపడకండి బ్రో, అందరం అలాగే చేశామండి. నేను రెండేళ్లు పొద్దున్నే గ్యాస్ టాబ్లెట్ వేసుకున్నాను ఎవరూ చెప్పకుండానే.

నైట్‌షిఫ్ట్_నవ్య
నాది రివర్స్, మలబద్ధకం టైపు, మూడు రోజులకోసారి. ఫైబర్ తినమన్నారని గోధుమ తవుడు బిస్కెట్లు, తవుడు కలిపిన రొట్టె తిన్నా, కడుపు రాయిలా అయ్యింది. ఇసబ్గోల్‌కి మారాక నయం. కివీ పండ్లు రోజుకి రెండు తింటున్నా, అది కూడా పని చేస్తోంది, రేటు మాత్రం దారుణం. అవిసె గింజల పొడి ఒక చెంచా మజ్జిగలో. మధ్యలో ఒకావిడ చెప్పిందని సునాముఖి ఆకు పొడి నాలుగు నెలలు వాడా, మొదట్లో బాగానే ఉంది, తర్వాత అది లేకపోతే అస్సలు రావట్లేదు అన్నట్టు అయ్యింది, వదిలించుకోడానికి చాలా కష్టపడ్డా. రోజువారీ అలవాటు చేసుకోకండి.

కరీంనగర్_మల్లన్న
మా నాయిన సంగతి చెప్త. షుగర్ ఉంది ఆయనకు. రెండేండ్లు పొద్దుగాల లేస్తే బాత్రూమ్ల్నే ఉండెటోడు, పెండ్లిళ్లకు గూడ వచ్చుడు బంద్ జేసిండు. ఐబీఎస్ అనే అన్నరు. ఒకపారి కొత్త డాక్టరమ్మ దగ్గరికి తీస్కపోతే ఆమె ముందుగాల మందుల చీటీ అడిగింది. మెట్‌ఫార్మిన్ గోలీతోని గిట్ల అయితది అని చెప్పి, మెల్లగ కరిగే రకం రాసి డోస్ తగ్గించింది. పదిహేను దినాలల్ల మంచిగయ్యిండు. షుగర్ ఫ్రీ స్వీట్లు గూడ బంద్ జేయించింది, అండ్ల సార్బిటాల్ అసొంటివి ఉంటయట. ఎవలన్న షుగరోళ్లు ఉంటే గోలీలు మీరే బంద్ చేస్కోకుండ్రి, డాక్టర్ను అడుగుండ్రి.

గుంటూరు_ఘాటు
ఇదేదో పనికొచ్చే ముక్క. మా మావయ్యకి ఇదే ఉంది, అడగమని చెప్తా.

భీమవరం_బుల్లోడు
ఒకటి అంటాను ఎవరూ అపార్థం చేసుకోకండి. నాకు తిండి మార్చాక సగమే తగ్గిందండి. మిగతా సగం భయం. ఇంట్లో ఆదివారం ఏం తిన్నా ఏమీ కాదు, సోమవారం బస్సు టైముకి మొదలు.

డల్లాస్_కిరణ్
టెన్షన్ తగ్గించుకో అని మూడేళ్లుగా వింటున్న మనిషికి మళ్లీ అదే చెప్పొద్దన్నా. మనసులో ఉందన్నట్టు మాట్లాడితే ఒళ్లు మండుతుంది నాకైతే.

భీమవరం_బుల్లోడు
మనసులో ఉందనలేదండి కిరణ్ గారూ. నొప్పి పేగులోనే ఉంది, నిజమే. కానీ పేగుకీ మెదడుకీ మధ్య తీగ ఉంది కదా, అటు నుంచి కూడా మంట పెట్టొచ్చు, ఆర్పొచ్చు. నాకు డాక్టర్ అమిట్రిప్టిలిన్ 10 మిల్లీగ్రాములు రాత్రి పూట ఇచ్చారు. డిప్రెషన్ మందు అని చదివి నెల రోజులు డబ్బా విప్పలేదు. తర్వాత తెలిసింది, ఇంగ్లండ్‌లో 463 మంది ఐబీఎస్ వాళ్లకి 10 నుంచి 30 మిల్లీగ్రాముల దాకా ఇచ్చి చూస్తే, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ల కంటే బాగా తగ్గిందని 2023లో డాక్టర్ల పత్రిక లాన్సెట్‌లో వచ్చిందని. డిప్రెషన్‌కి ఇచ్చేదాని కంటే చాలా తక్కువ డోసు అది. నోరెండటం, పొద్దున మత్తు ఉంటాయి. మలబద్ధకం రకం వాళ్లకి అది ఇంకా ఎక్కువ చేస్తుందట, నవ్య గారు జాగ్రత్త. డాక్టర్ రాస్తేనే సుమండీ.

డల్లాస్_కిరణ్
ఇలా చెప్తే సరే అన్నా. నాకు తెలియదు ఈ ట్రయల్ సంగతి. ఇక్కడ మా డాక్టర్ కాగ్నిటివ్ థెరపీకి (మాటలతో ఆలోచనల్ని, భయాల్ని సర్దే చికిత్స) పంపించాడు, వెళ్లాలా వద్దా అని ఆగా, వెళ్తాలే.

ఫార్మసీ_నాని
ఇంకోటి, 200 రకాల తిండికి ఎలర్జీ టెస్ట్ అని వేలకి వేలు పోసి రక్తం ఇచ్చి రిపోర్ట్ పట్టుకొస్తున్నారు షాపుకి. ఐబీఎస్‌కి ఆ టెస్టులు వద్దనే గైడ్‌లైన్స్ చెప్తున్నాయి. ఆ డబ్బుతో నెల రోజులు మంచి చేపలు తినండి.

వైజాగ్_కెరటం
ఆరు వారాలైంది, అప్‌డేట్ ఇద్దామని వచ్చా. సీలియాక్ నెగెటివ్, కాల్‌ప్రొటెక్టిన్ నార్మల్, థైరాయిడ్ నార్మల్. ఆ రోజే త్రిఫల, అలోవెరా, ప్రోబయోటిక్స్ ఆపేశా. తేనె, యాపిల్ ఆపిన నాలుగో రోజుకే పొద్దున రెండుసార్లకి వచ్చింది, నేనే నమ్మలేదు. రెండో వారం నుంచి ఇసబ్గోల్ ఒక చెంచా. రాత్రి అన్నం తింటున్నా. అమ్మ ముందు ఒప్పుకోలేదు, రాత్రి అన్నం తింటే లావైపోతావంది, 62 కిలోల వాణ్ణి పట్టుకుని. ఇప్పుడు 64. ఉబ్బరం పూర్తిగా పోలేదు కానీ సాయంత్రం బెల్టు వదులు చేసుకోవాల్సిన పని లేదు.

ఇలాగే ఉండిపోతే సరిపోతుంది కదా? ఇవే తింటూ?

పోషణ_లలిత
వద్దు. దయచేసి ఇక్కడ ఆగిపోకండి. అందరూ ఇక్కడే ఆగిపోతారు, హాయిగా ఉంది కదా అని. ఈ కట్టుబాటు 2 నుంచి 6 వారాలకి మాత్రమే. ఫ్రక్టాన్లు, పప్పుల్లో ఉండే పదార్థాలు పేగులో ఉండే మంచి బ్యాక్టీరియాకి ఆహారం, ఎక్కువకాలం మానేస్తే అవి తగ్గుతాయి. మీకు ఇప్పటికే బరువు తక్కువ, తిండి అంటే భయం కూడా పట్టుకుంది, ఆ భయం ముదిరితే ఐబీఎస్ కంటే కష్టం. ఇప్పుడు ఒక్కోటి వెనక్కి తేవాలి. మిగతాదంతా ఇలాగే ఉంచి ఒక్కో గుంపు నుంచి ఒక్కటి తీసుకోండి. పాలు: మొదటిరోజు పావు గ్లాసు, రెండోరోజు అర, మూడోరోజు గ్లాసు. తర్వాత రెండు మూడు రోజులు ఆగి గోధుమ, ఆ తర్వాత వెల్లుల్లి, ఉల్లి విడివిడిగా, పప్పు, తేనె. ఏ రోజు ఎంత తిన్నారో, ఏమైందో కాగితం మీద రాయండి. పడలేదనుకోండి, అక్కడితో ఆపి కడుపు సర్దుకున్నాక తర్వాతది. పడనిది కూడా జన్మంతా వద్దని కాదు, కొన్ని నెలల తర్వాత మళ్లీ చూడొచ్చు.

సత్తుపల్లి_సీతక్క
ఈ మాట నాకు ముందే ఎవరైనా చెప్పుంటే ఎంత బాగుండు. నాలుగేళ్లుగా వాడికి ఉల్లి ముక్క తగలనివ్వలేదు నేను. ఈసారి వచ్చినప్పుడు ఒక్కో చెంచా పెట్టి చూస్తాను.

నైట్‌షిఫ్ట్_నవ్య
పీజీలో ఉండేవాళ్లు ఏం చెయ్యాలి? మా మెస్సులో ఉప్మాలో కూడా ఉల్లిపాయే ఎక్కువ ఉంటుంది.

కరీంనగర్_మల్లన్న
జైన్ ఫుడ్ అడుగు చెల్లె. ఫ్లైట్లల్ల గూడ దొరుకుతది. ఉల్లి, ఎల్లిపాయ రెండూ ఉండయి.

మెల్‌బోర్న్_మాధవి
గుడి ప్రసాదం! పులిహోర, దద్దోజనం, కట్టె పొంగలి, దేనిలోనూ ఉల్లి వెల్లుల్లి వెయ్యరు. పులిహోర పొడి చేసుకుని రూమ్‌లో పెట్టుకో నవ్యా, మెస్సులో తెల్లన్నం తెచ్చుకుని కలుపుకుంటే చాలు. నేను ఇక్కడ ఆఫీసుకి వారానికి రెండుసార్లు పులిహోరే పట్టుకెళ్తా.

గుంటూరు_ఘాటు
నేనూ వాదించడం ఆపి మూడు వారాలు ఉల్లిపాయ మానేసి చూశానండి, ఎవరికీ చెప్పకుండా. నాకేమీ తేడా లేదు. కానీ పచ్చిమిర్చి పచ్చడి, ఎండుకారం ఆపితే మంట, మోషన్స్ రెండూ తగ్గాయి. గుంటూరు వాడిగా ఇది రాయడం చాలా కష్టంగా ఉంది.

కడప_సుబ్బు
మాకు ఎర్రకారం మీ కంటే తక్కువేం కాదప్పా, నీ బాధ అర్థమైతాది.

వైజాగ్_కెరటం
ఇంకో రెండు నెలలకి మళ్లీ నేనే. కాగితం మీద రాసుకున్నది ఇది. పాలు గ్లాసు తాగినా ఏమీ కాలేదు, మూడేళ్లు ఊరికే మానేశా. గోధుమ ఒక చపాతీ ఓకే, రెండోది తింటే ఉబ్బరం. ఉల్లిపాయ తాలింపులో రెండు చెంచాలు ఓకే. వెల్లుల్లి మాత్రం ఒక్క రెబ్బకే మర్నాడు పొద్దున నొప్పి, రెండుసార్లు చూశా, రెండుసార్లూ అంతే. తేనె జోలికి మళ్లీ వెళ్లలేదు. కందిపప్పు గరిటెడు పర్లేదు. సప్లిమెంట్లలో ఇప్పుడు ఇసబ్గోల్ ఒక్కటే, నొప్పి వచ్చిన రోజు పుదీనా క్యాప్సూల్. నెలకి 300 లోపే అవుతోంది. అప్పుడప్పుడు ఏ కారణం లేకుండా ఓ రోజు చెడుతుంది, బుల్లోడు బ్రో చెప్పిన భయం ఇంకా ఉంది, దాని కోసం డాక్టర్ అపాయింట్‌మెంట్ తీసుకున్నా. మొన్న ఆదివారం పొద్దున ఇడ్లీ తిని అనకాపల్లి వెళ్లొచ్చా, బస్సులోనే.

భీమవరం_బుల్లోడు
తిని వెళ్లారా! సూపరండీ.

వైజాగ్_కెరటం
తినే వెళ్లా బ్రో. ఇక వేసవి వస్తోంది, మా అమ్మ ఆవకాయలో వెల్లుల్లి గుప్పెళ్లతో వేస్తుంది. సీతక్క గారూ మీ అబ్బాయికి ఏ పచ్చడి పెడతారు?

సత్తుపల్లి_సీతక్క
మాగాయ పెట్టమను బాబూ, అందులో వెల్లుల్లి పని లేదు. పుల్లటి కాయలు చెక్కు తీసి ముక్కలు కోసి ఉప్పు, పసుపు వేసి మూడు రోజులు ఊరనిచ్చి, గట్టిగా పిండేసి ముక్కలు వేరే, ఊట వేరే ఎండబెట్టి, కారం, మెంతిపొడి కలిపి ఇంగువ పోపు పెడితే ఏడాదంతా నిలవుంటుంది. మీ అమ్మగారికి అంతా తెలిసే ఉంటుంది, నీ కోసం ఒక చిన్న జాడీ విడిగా పెట్టమని అడుగు చాలు.